సీటుకో క్రియ

పిల్లలందరూ దిగిపోయాక బస్సు చివరిదాకా నడిచి, ప్రతి సీటు కిందా వంగి చూడడం నా ఉద్యోగం. ఏ పిల్లో నిద్రపోయి సీట్ల మధ్య ఉండిపోతే, దోహా ఎండలో తలుపులు మూసిన బస్సు ఆ పిల్లను ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. అందుకని వెనక సీటు పక్కన ఒక బటన్ పెట్టారు. అక్కడిదాకా వెళ్లి దాన్ని నొక్కకుండా ఇంజన్ ఆపితే బస్సు గోలగోల చేస్తుంది. ఆ నడకలోనే నేను హాలండ్ వాళ్ల డచ్చి భాష నేర్చుకున్నాను. సీటుకో క్రియ చొప్పున.

మొదటి సీటు దగ్గర ఖాన్, ఖింగ్, ఖెఖాన్. అంటే పోవడం. తర్వాతి సీటు దగ్గర కోమెన్, క్వామ్, ఖెకోమెన్. రావడం. దాని వెనక బ్లైవెన్, బ్లేఫ్, ఖెబ్లేవెన్. ఉండిపోవడం. అలా వంగుతూ లేస్తూ వెనక్కి పోయేసరికి నడుము నొప్పీ భాషా రెండూ వచ్చేవి.

“చెల్లే, చదువుతున్నవా, గొంతు సాఫ్ జేస్కుంటున్నవా?” అని అద్దంలోంచి నవ్వేవాడు డ్రైవర్ నిసార్ అహ్మద్. ఆయనది బోధన్. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడి పెరిగిన మనిషి. ఇండస్ట్రియల్ ఏరియాలో కంపెనీ క్యాంప్‌లో ఉంటాడు. దోహాలో నాతో తెలుగు మాట్లాడే ప్రాణి ఆయనొక్కడే.

“గొంతే సాఫ్ జేస్కుంటున్న భాయ్. ఈ భాషకు నోరు అక్కరలేదు, గొంతుంటె సాలు.”

“అరె, అది మా ఉర్దూ ఖే! ఖుదా అంటం చూడు, ఖబర్ అంటం చూడు, గదే. నువ్వేమో కాకరకాయ లెక్క కా అంటున్నవ్. గొంతుల చేప ముల్లు ఇరికితె ఎట్ల గెదుముతవ్? అట్ల గెదుము.”

గెదిమాను. నెల తిరిగేసరికి హాలండ్ రాణిగారు విన్నా తప్పు పట్టలేనంత బాగా గెదమడం వచ్చింది.

నా పేరు తిరుమల. మాది నిర్మల్ దగ్గర పల్లె. ఐన్ ఖాలిద్‌లో ఒక పెద్ద బడికి పిల్లల్ని తెచ్చే బస్సుల్లో ఆయాను. మా ఆయన మొదట ఇక్కడే, దోహాకు ఉత్తరాన ఒక తోటలో పని చేసేవాడు. తోటంటే మట్టీ మానూ కాదు. ఇసుకలో కట్టిన పెద్ద అద్దాల షెడ్డు, లోపల టమాటాలు. దాన్ని కట్టిన హాలండ్ ఇంజనీర్లు ఆయన పనితనం చూసి, మా దేశం వస్తావా అని పిలుచుకుపోయారు. మా అత్తను అడిగితే మాత్రం కొడుకు ఇప్పటికీ దుబాయ్‌లోనే ఉన్నాడంటుంది. ఖతర్ ఒక దుబాయ్, హాలండ్ ఇంకో దుబాయ్, అంతే ఆమెకు.

ఆయన పోగానే నా ఫ్యామిలీ వీసా చెల్లకుండా పోయింది. ఊరికి పోవచ్చు. పోయి ఏం చెయ్యాలి? నాకు పిల్లల్లేరు. పిల్లల్లేని కోడలికి మొగుడు కూడా పక్కన లేకపోతే అత్తగారింట్లో ఎంత చోటుంటుందో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. శుభకార్యానికి ముందుకు రావొద్దంటారు, ఇంటి చాకిరీకి మాత్రం వెనకుండొద్దంటారు. ఆ ఇంటికి ఒంటరిగా మళ్లీ పోను అని ఒట్టేసుకుని బస్సు కంపెనీలో చేరాను. ఆయన అక్కడ కుదురుకుని, ఇల్లు చూసుకుని, రమ్మనేసరికి మూడేళ్లు పట్టింది.

రమ్మంటే ఎక్కి పోవడానికి అదేం నిర్మల్ బస్సు కాదు. మొగుడి దగ్గరికి రావాలనుకునే భార్య ముందు ఎంబసీలో కూర్చుని వాళ్ల భాషలో పరీక్ష పాసవ్వాలి. పాసైతే వీసా పని మొదలవుతుంది. నాకేమో ఎండాకాలం సెలవులతో కాంట్రాక్ట్ అయిపోతోంది. మళ్లీ పనిలోకి తీసుకోబోమని కంపెనీ ముందే చెప్పేసింది. అంటే సెలవులిచ్చేలోపు పాసవ్వాలి, ఆ కాగితం చూపిస్తే వీసా వచ్చేదాకా కంపెనీ ఫ్లాట్‌లో ఉండనిస్తారు. లేదంటే పెట్టె సర్దుకుని అత్తగారి వాకిట్లో దిగాలి. “ఊరికి పోయినా చదువుకోవచ్చు, ఢిల్లీల రాయొచ్చు” అన్నాడు ఆయన. మొగవాళ్లకు అన్నీ సులువే. కోడలు పొయ్యి ముందు కూర్చుని ఖెఖాన్ ఖెకోమెన్ అంటుంటే భూతవైద్యుణ్ణి పిలుస్తారు గానీ చదువుకోనిస్తారా?

పాఠాలు ఆయనే పంపేవాడు. మధ్యాహ్నం తిండి వేళ, టమాటా వరసల మధ్య నిలబడి, ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపేవాడు. వెనకాల ఫ్యాన్ల చప్పుడు. “తిరుమలా, ఇయ్యాల జరంత కష్టమైనయి” అని మొదలుపెట్టి, ఒక్కో క్రియకు మూడు రూపాలూ నెమ్మదిగా పలికేవాడు.

ఆ భాషలో రెండు రకాల క్రియలున్నాయి. కొన్ని బుద్ధిమంతులు. జరిగిపోయిన పని చెప్పాలంటే వాటి ముందు ఒక ఖె, వెనక ఒక త తగిలిస్తే పనైపోతుంది. రెండో రకం మొండివి. ఏ రూలుకూ లొంగవు. ఒకదానికి నడుములో అచ్చు మారుతుంది, ఇంకోదానికి తోక మారుతుంది, మరోదానికి మొహమే మారిపోతుంది. కంఠతా పట్టడం తప్ప దారి లేదు. పోనీ ఆ మొండివి ఎప్పుడో అక్కరకొచ్చేవా అంటే అదీ కాదు. తినడం, తాగడం, పడుకోవడం, పోవడం, రావడం, చూడడం, మర్చిపోవడం, పొద్దున లేస్తే ఇవే. మొదట్లో ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే మనమూ అంతే. ‘రా’ అంటాం, ‘వచ్చిండు’ అంటాం. ఆ రెంటికీ ఏం చుట్టరికం? రోజూ వాడే మాటలు ఎక్కడైనా అరిగి వంకర పోతాయి కాబోలు.

మొదటి నెలల్లో ఆయన క్రియలయ్యాక కాసేపు మాట్లాడేవాడు. తిన్నవా, ఏం కూర, కాళ్ల వాపు తగ్గిందా అని. పోను పోను ఆ మాటలు తగ్గాయి. పనెక్కువ, చలి, అలసట. ఏ కారణమైతేనేం, చివరికి క్రియలే మిగిలాయి. ఖెద్రోంకెన్, ఖెస్లాపెన్, ఖెజీన్, అంతే, మంచిది, ఉంట. నేను దాన్నే పదిసార్లు వినేదాన్ని. మొగుడి గొంతు వినాలని ఉన్న ఆడదానికి మొగుడు క్రియలు చదివినా చాలు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

పరీక్షకు సొంత బతుకు మీద వాక్యాలు కట్టుకోమన్నాడు. శుక్రవారం సెలవు. మా కంపెనీ ఫ్లాట్‌లో నాతో ఉండేవాళ్లు నేపాలీలు, ఫిలిప్పీన్ వాళ్లు, ఒక కెన్యా పిల్ల. అందరూ మంచివాళ్లే. కానీ వాళ్ల నవ్వులు వాళ్లవి, వాళ్ల ఫోన్లు వాళ్లవి. నేను వంటింట్లో ఒకమూల నిలబడి, నా గిన్నెలో పచ్చిపులుసు పిసుక్కుంటూ వాక్యాలు కట్టేదాన్ని. ఇక్ హెబ్ ఖెఖేతెన్. నేను తిన్నాను. ఎవరితో తిన్నావు అని అడుగుతారట. అలేన్. ఒక్కదాన్నే. నిన్న ఎవర్ని చూశావు? ఎవర్నీ చూడలేదు. ఎవరితో మాట్లాడావు? ఎవరితోనూ మాట్లాడలేదు. నా భర్త పోయాడు, నా భర్త అక్కడే ఉండిపోయాడు, నా భర్త రాలేదు. ఒక్క తప్పు లేకుండా కట్టి, ఆ వాక్యాలు చూసుకుని ఏడుపొచ్చి, పొయ్యి కట్టేసి పడుకున్నాను. భాష మాత్రం బాగా వచ్చిందండీ, ఎవరూ కాదనలేరు.

ఆదివారం బస్సులో అవే వాక్యాలు నిసార్ భాయ్‌కి అప్పజెప్పాను. అర్థం చెప్పమన్నాడు, చెప్పాను.

“యా అల్లా! పోవుడు, ఉండుడు, రాకపోవుడు. గింతేనా ఈ భాష? ఒక నవ్వుడు లేదా?”

“నవ్వుడు రూలు ప్రకారం నడుస్తది భాయ్. కంఠతా పట్టే పన్లేదు.” అది నిజమో కాదో నాకు అప్పటికి తెలీదు. ఆయన్ని నవ్వించడానికి అన్నాను, ఆయన నవ్వాడు.

ఏప్రిల్‌లో పరీక్ష. ఎంబసీలో ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, చెవులకు పెట్టుకునే ఫోను. చదవడం, వాళ్ల దేశం గురించిన ప్రశ్నలు బాగానే అయ్యాయి. మాట్లాడే పరీక్ష మొదలైంది. చెవిలో ఒక ఆడగొంతు ప్రశ్న అడుగుతుంది, మనం మైకులో జవాబు చెప్పాలి, కాసేపటికి అదే తర్వాతి ప్రశ్నకు పోతుంది. మీ పేరేమిటి? చెప్పాను. ఎక్కడుంటారు? చెప్పాను. ఏం పని చేస్తారు? దంచేశాను.

“హూ హేత్ ఉవ్ మాన్?”

మీ భర్త పేరేమిటి?

నోరు తెరిచాను. మాట రాలేదు.

నవ్వుకోండి, నాకేం. మా ఇళ్లల్లో ఆడది మొగుడి పేరు ఎత్తదు. ఎత్తితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అత్త మొదటి రోజే చెప్పింది. ‘ఇగో’ అంటాం, ‘ఇనవడ్తుందా’ అంటాం, పిల్లలున్నవాళ్లు ‘పెద్దోని నాయిన’ అంటారు. నాకా అదృష్టం కూడా లేదు. పధ్నాలుగేళ్ల కాపురంలో ఆయన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. కాగితాల మీద రాశాను, ఎవరైనా రాసిస్తే చూసి తలూపాను. నోటితో మాత్రం అనలేదు. అంత చదువు చదివి, క్రియలన్నీ నూరి మింగి, తీరా పోతే అడిగింది ఇది. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుంది అన్నట్టయింది నా బతుకు.

“మైన్ మాన్,” అన్నాను. నా భర్త. “మైన్ మాన్... ఇస్ మైన్ మాన్.” నా భర్త నా భర్తే. యంత్రం ఒప్పుకుందో లేదో తెలీదు, తర్వాతి ప్రశ్నకు పోయింది. నాకు మాత్రం చెవుల్లో హోరు మొదలై, తర్వాత వచ్చినవి ఒక్కటీ సరిగ్గా వినపడలేదు. నిన్న నేను రొట్టె అని సగం వాక్యం ఇచ్చి పూర్తి చెయ్యమంటే, రోజూ బస్సు నడిమి సీట్ల దగ్గర పాడే ఖెఖేతెన్ నాలుక మీదికి రాలేదు. 

మాట్లాడే పరీక్ష తప్పానని కొన్ని వారాలకు మెయిల్ వచ్చింది. మిగతావి పాస్. మా ఫ్లాట్ మెట్ల మీద కూర్చుని ఆయనకు ఫోన్ చేశాను. గదిలో వాళ్ల నిద్ర పాడవుతుందని ఎప్పుడూ అక్కడే మాట్లాడతాను.

“అన్నీ వచ్చంటివి గద? ఏమైంది మరి?” అన్నాడు.

“ఒక సవాల్ కాడ ఆగిపోయిన.”

“ఏం సవాల్?”

నీ పేరడిగారు అని చెప్పొచ్చు. చెప్తే అయిపోయేది. వెనకాల మనుషుల మాటలు వినిపిస్తున్నాయి, ఆయన ఫోన్ స్పీకర్‌లో ఉన్నట్టుంది. నా పల్లెటూరితనం అక్కడ నలుగురి ముందూ పరచడానికి మనసొప్పలేదు. “యాదికి లేదు,” అన్నాను.

 “నీకు రావాలని లేదేమో తిరుమలా. లేకుంటె లేదని చెప్పు. నేనిక్కడ ఇల్లు పట్టి, రెండు కుర్చీలు కొని, పిచ్చోని లెక్క చూస్తున్న.”

నాకు కోపం నషాళానికంటింది. రావాలని లేకనా ఈ నడుము విరిగే నడక? రావాలని లేకనా, ఆదివారం నుంచి గురువారం దాకా ఆ ముళ్లు మింగడం? అవన్నీ అంటే బాగుండేది. అనలేదు. “ఆ, లేదు. నీ కుర్చీలు నువ్వే పెట్టుకో!” అని ఫోన్ కట్ చేశాను. నా నోరు అంతే. అనాల్సిన మాట దగ్గర మూతపడుతుంది, అనకూడని మాట దగ్గర వాకిలంత తెరుచుకుంటుంది.

ఆ తర్వాత ఆయన గొంతు రావడం ఆగిపోయింది. రోజూ మధ్యాహ్నం బస్సు నీడలో నిలబడి ఫోన్ చూసుకునేదాన్ని. ఏమీ ఉండేది కాదు. నేనూ చెయ్యలేదు. పాత రికార్డులే పెట్టుకుని వినేదాన్ని. ఎప్పుడో పండక్కి పంపినదాంట్లో క్రియలయ్యాక “ఎండల తిరగకు” అన్న ముక్కొకటి ఉంది. దాని కోసం ముందున్న క్రియలన్నీ వినేదాన్ని.

“చెల్లే, నాలుగు దినాలాయె, నీ గొంతుల ముల్లు ఇనవడ్తలేదు,” అన్నాడు నిసార్ భాయ్ ఒకరోజు, బస్సు ఖాళీ అయ్యాక. “తప్పితె తప్పింది. మళ్ల రాయొచ్చంటివి.”

అప్పుడు చెప్పాను. ఎందుకు తప్పానో, ఎక్కడ తప్పానో. ఆయన స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, నా మొహం చూసి ఆపాడు.

“మా అమ్మ గూడ గంతే. బతికినన్నాళ్లు మా నాయినను ‘అజీ సున్తే హో’ అన్నది, మీ ‘ఇనవడ్తుందా’ లెక్క. ఒకపారి దవాఖానల పేరు రాయాలంటె నన్ను పిలిపిచ్చింది.” గడ్డం గోక్కున్నాడు. “పెండ్లినాడన్న చెప్పలేదా? మీ దాంట్ల గడపల ఆపి చెప్పిస్తరు గద?”

చెప్పిస్తారు. ఆడబిడ్డలు గుమ్మానికి అడ్డంగా చేతులు పెట్టి, మొగుడి పేరు చెప్పిందాకా లోపలికి రానియ్యరు. నేను పెదాలు మాత్రం కదిపాను. వినపడలేదని మళ్లీ ఆపారు. కాళ్లు నొప్పులు పుట్టి అత్తే విసుక్కుని, రానియ్యండే అంది.

“అయితె ఈ హాలండోళ్లు గూడ నీకు ఆడబిడ్డలే అనుకో,” అన్నాడు. “గడపల నిలబెట్టిండ్రు. పేరు చెప్పు, లోపటికి పో. యల్లా, ఖల్లాస్!”

ఆయనకు తమాషాగా ఉంది. నాకు అక్క గుర్తొచ్చింది. మా అక్క రాజవ్వ అందరిలాంటిది కాదు. మొగుణ్ణి పేరు పెట్టి, వీధి చివర నుంచి కేకేసి పిలిచేది. ఆ బావ మస్కట్‌లో ఎండదెబ్బకు పనిలోనే పడిపోయాడు. శవపేటిక వచ్చిన రోజు, దాని మీద పడి ఏడుస్తున్న అక్కను చూసి ఆడవాళ్లు అన్న మాట నా చెవులారా విన్నాను. “పేరు పెట్టి పిలిచి పిలిచి మింగింది.” అప్పటికి నేను పెళ్లి కాని పిల్లను. ఆ మాట అబద్ధమని అప్పుడూ తెలుసు. కానీ తెలియడం వేరు, నాలుక తిరగడం వేరు.

మళ్లీ పరీక్షకు తేదీ తీసుకున్నాను. సెలవులకు ముందు దొరికింది అదొక్కటే. మళ్లీ సీటుకో క్రియ మొదలైంది. ఆఖరి సీటుకు మాత్రం క్రియ మార్చాను. అక్కడ ఆయన పేరు అనాలి. అని బటన్ నొక్కాలి. మొదటి రోజు ముందక్షరం దగ్గరే ఆగిపోయి, బటన్ ఉత్తినే నొక్కేశాను. తర్వాతి రోజూ అంతే. నా మీద నాకే అసహ్యం వేసింది. పేరు పిలిస్తే చచ్చేటట్టుంటే, పొద్దున్నే లుసైల్‌లో బిల్డింగు పనుల దగ్గర హాజరు పిలిచే ఫోర్‌మెన్లు ఎంతమందిని చంపి ఉండాలి? ఎండ చంపింది మా బావను. నీళ్లివ్వని పని చంపింది. అక్క నోట్లోంచి ప్రేమగా వచ్చిన పేరు కాదు. ఈ మాట అప్పుడే లేచి ఆ ఆడవాళ్ల మొహాన కొట్టాల్సింది. ఇన్నేళ్లకు ఖాళీ బస్సులో ఖాళీ సీట్లతో కొట్లాడాను.

ఆ కోపంలోనే ఒక మధ్యాహ్నం సగం పేరు బయటికొచ్చింది. ఏమీ కాలేదు. ఏసీ చప్పుడు, నిసార్ భాయ్ దగ్గు. మెల్లగా మిగతా సగం కూడా నేర్చుకున్నాను. పెదాల మీద మాత్రమే, గాలి లేకుండా. గట్టిగా అనాల్సిన రోజు గట్టిగా అందామని దాచుకున్నాను.

రెండో పరీక్షకు అదే గది. మనిషిని మాత్రం వేరే మనిషిని. ఈసారి ఆడబిడ్డలు అడ్డం నిలబడితే ఏం చెప్పాలో నాకు తెలుసు. చెవిలో గొంతు మొదలైంది. మీ పేరేమిటి? ఈ ఊళ్లో ఎన్నాళ్లుగా ఉన్నారు? ఇక్కడికి ఎలా వచ్చారు? ఇక్ బెన్ మెత్ ద మెట్రో ఖెకోమెన్. మెట్రోలో వచ్చాను. నిన్న ఏం తిన్నారు, ఏం తాగారు? చెప్పాను. మొండి క్రియలు ఒక్కొక్కటీ వరసలో వచ్చి నిలబడ్డాయి, ఒక్కటీ ఎదురు తిరగలేదు. ప్రతి ప్రశ్నకూ ముందు, ఇదే, ఇప్పుడే అడుగుతుంది అని పేరు నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. మీకు పిల్లలున్నారా? లేరు. దానికీ గొంతు తొణకలేదు. ఇక తర్వాతిది అదే అనుకున్నాను.

పరీక్ష అయిపోయిందని తెర మీద వచ్చింది. అడగలేదు.

అంతా బాగా చెప్పాను, పాసవుతానని తెలుస్తూనే ఉంది. అయినా ఎంబసీ గుమ్మం దాటి బయట నిలబడితే ఏడుపు తన్నుకొచ్చింది. అంత కష్టపడి నోటిదాకా తెచ్చుకున్న పేరు నోట్లోనే ఉండిపోయింది. వినడానికి ఎవరూ లేరు. అడగడానికి ఆ యంత్రం కూడా లేదు. ఎండలో అటూ ఇటూ కార్లు పోతున్నాయి. నన్ను చూసి గార్డు ఒక నీళ్ల సీసా ఇచ్చాడు. నేను తప్పాననుకున్నాడు పాపం.

మెయిల్ వచ్చేసరికి బడికి సెలవులిచ్చేశారు. నా పెట్టె సగం సర్ది ఉంది. పాస్ కాగితం చూపకపోతే ఊరికి టిక్కెట్టు కంపెనీ పంపుతుంది, ఎల్లుండో అవతలెల్లుండో. మధ్యాహ్నం ఎండకు గదిలో వాళ్లు పడుకున్నారు. మెట్ల మీదికి పోయి మెయిల్ తెరిచాను. ఒక్కో పరీక్ష పేరు పక్కన పాస్, పాస్, పాస్. చదివి, మళ్లీ చదివి, ఫోన్ మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆ గొడవైనప్పటి నుంచీ మేం సరిగ్గా మాట్లాడుకోలేదు. రెండుసార్లు చేశాడు, “ఆఁ, ఉన్నవా, ఉన్న, సరే” అంతే. రెండో పరీక్ష రాసినట్టు కూడా ఆయనకు చెప్పలేదు. మళ్లీ తప్పితే మళ్లీ ఆ మాట అంటాడు, ఆ మాట ఇంకోసారి వినే బలం నాకు లేదు. పెళ్లానికి రావాలని లేదని నమ్మి, రెండు కుర్చీల్లో ఒకదాని మీద ఒక్కడే కూర్చుంటున్నాడు నా మొగుడు. తప్పు నాది. అనాల్సిన ఒక్క మాట అనకపోవడం నా తప్పు.

ఫోన్ కలిపాను. చాలాసేపు మోగాక ఎత్తాడు.

“ఆఁ. చెప్పు.” పనిలో ఉన్న గొంతు.

“భూమేష్,” అన్నాను.

  అటు ఏదో కింద పడ్డ చప్పుడు, గబగబా నడుస్తున్న చప్పుడు. తలుపు పడింది.

“తిరుమలా, ఏమైంది? ఎవలకేమైంది?” అన్నాడు. “అమ్మ మంచిగున్నదా? నువ్వు మంచిగున్నవా? ఏమైందో చెప్పవే!”

చూడండి మా బతుకులు. పధ్నాలుగేళ్లకు పెళ్లాం పేరు పెట్టి పిలిస్తే, ఎవరో చచ్చారనుకున్నాడు.

“ఎవలకేం గాలె,” అన్నాను. నవ్వూ ఏడుపూ కలిసిపోయి మాట సరిగ్గా రావడం లేదు. “అందరు మంచిగున్నరు. పోయినపారి వాళ్లు అడిగింది గదే. నీ పేరు. చెప్పరాక తప్పిన. రావాలని లేక కాదు. ఇనవడ్తుందా? రావాలని లేక కాదు.”

“మరి ఇప్పుడు?”

“మళ్ల రాసిన. పాసైన. వస్తున్న.”

ఆయన ముక్కు ఎగబీల్చాడు. ఏడుస్తున్నాడని అర్థమైంది. నేనెప్పుడూ ఆయన ఏడుపు వినలేదు. ఎలా ఊరుకోబెట్టాలో తెలియక ఫోన్ చెవికి అదుముకున్నాను.

“ఇంకోపారి అను,” అన్నాడు చాలాసేపటికి.

అన్నాను. పై అంతస్తు వాళ్లు లేచినా సరే అని గట్టిగా అన్నాను.